చెవి మందగించిన నాన్నగారికి వినపడే రింగ్‌టోన్ ఎలా చేసుకోవాలి?

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి. చెవి కాస్త మందం. ఫోన్ మోగితే వినపడట్లేదు, సాయంత్రానికి చూస్తే అన్నీ మిస్డ్ కాల్సే. నాదస్వరం అంటే ఆయనకి ప్రాణం. నాదస్వరం బిట్టు, దాని వెనకే మా పాప గొంతుతో "తాతయ్యా, ఫోనూ" అని వచ్చేలా రింగ్‌టోన్ చేద్దామని ఒక యాప్‌లో ప్రయత్నించాను. పాప గొంతు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఉంది. యాప్‌లో సౌండ్ 300 శాతం పెట్టినా నాన్నగారి ఫోన్‌లో సన్నగా, గరగరమంటూ వస్తోంది. పైగా రెండ్రోజులకి దానంతటదే పోయి మళ్లీ కంపెనీ రింగే మోగుతోంది. ఇదే టోన్ అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఐఫోన్‌కి కూడా కావాలట. ఏ యాప్ మంచిది?

సమాధానం:

యాప్ మార్చినంత మాత్రాన ఇది బాగుపడదండీ. మీరు చెప్పిన మూడు తంటాలకీ మూడు వేరే కారణాలున్నాయి, ఒక్కొక్కటే చెబుతాను.

పెళ్లి వీడియోలకీ, ఊళ్లో కేబుల్ ప్రకటనలకీ సౌండ్ చేసిపెట్టడం నా పని. అంతకుముందు సెల్ షాపులో మెమరీ కార్డులకి పాటలు ఎక్కించిన రోజులూ ఉన్నాయి. కాబట్టి రింగ్‌టోన్ కావాలని వచ్చేవాళ్లని చాలామందినే చూశాను. అందరిదీ ఒకటే వరస. ఇష్టమైన పాటలో ఇష్టమైన ముక్క కోస్తారు, హెడ్‌ఫోన్‌లో విని మురిసిపోతారు, తీరా ఫోన్ జేబులో మోగితే వినపడదు. రింగ్‌టోన్‌ని పాటలా కాకుండా గుమ్మం దగ్గర కాలింగ్ బెల్‌లా అనుకుని మొదలుపెట్టండి. ఏ ముక్క తీసుకోవాలి, ఎంతసేపు ఉండాలి, ఏది తీసెయ్యాలి అన్నవి సగం వాటంతటవే తేలిపోతాయి.

ముందు గరగర సంగతి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ డేటా ఆదా కోసం ఓపస్ అనే పద్ధతిలో బాగా కుదించి వెళుతుంది. మాట అర్థమవడానికి అది చాలు, తప్పు పట్టడానికేం లేదు. కానీ దాన్ని మీరు యాప్‌లో తెరిచి, కోసి, ఎంపీ3గా సేవ్ చేస్తే రెండోసారి కుదించినట్టు. ఆ ఎంపీ3ని మళ్లీ తెరిచి నాదస్వరానికి అతికించి సేవ్ చేస్తే మూడోసారి. ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. దానిమీద 300 శాతం సౌండ్ అన్నారు చూడండి, అసలు నష్టం అక్కడ జరిగింది. డిజిటల్ శబ్దానికి పైన ఒక హద్దు ఉంటుంది, దాన్ని సున్నా డెసిబెల్ అంటాం. అంతకు మించి పెంచితే శబ్దం పెరగదు, శబ్దపు అల తల తెగిపోతుంది. మీ ఫైల్‌ని కంప్యూటర్లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి బాగా జూమ్ చేసి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన అల కొనలు చదునుగా కనిపిస్తాయి. మీకు వినిపించే గరగర అదే. ఒకసారి తెగిన అలని సరిచేయడం దాదాపు దండగ పని, కాబట్టి ఆ ఫైల్ వదిలేసి కొత్తగా మొదలుపెట్టండి.

ఇక సన్నగా వినపడటం. ఫోన్ అడుగున ఉండే స్పీకరు ఎంత ఉంటుంది? వేలి గోరంత. అంత చిన్న పొర లోతైన శబ్దాలని పలకలేదు. 200 హెర్ట్జ్ (శబ్దం ఎంత లోతో, ఎంత సన్నమో చెప్పే కొలత) కింద ఉన్నదంతా అందులో లేనట్టే లెక్క. అయినా ఫైల్‌లో ఆ శబ్దం ఉంటే స్పీకరు దాన్ని పలికించడానికి కిందా మీదా పడుతూనే ఉంటుంది, ఆ తాపత్రయంలో మిగతా శబ్దాన్ని కూడా చెడగొడుతుంది. మృదంగం ఎడమవైపు నాదం, డోలు మీద కర్ర దెబ్బలోని గుమ్మనే ధ్వని, సినిమా పాటల్లో బేస్ గిటారు ఇవన్నీ హోమ్ థియేటర్‌లో గుండెకి తగిలేవే. ఫోన్‌లో మాత్రం వినపడవు, పైగా సౌండ్ పెంచుకోవడానికి ఉన్న కాస్త జాగా అవే తినేస్తాయి.

రెండోవైపు నాన్నగారి చెవి. వయసుతో వచ్చే వినికిడి లోపం మామూలుగా పై శబ్దాలతో మొదలవుతుంది. పక్షి కూతలు, సన్నటి బీప్‌లు, మాటల్లో స, ష లాంటివి ముందు పోతాయి. అందుకే పెద్దవాళ్లు "మాట వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటుంటారు. కంపెనీ రింగ్‌టోన్లలో చాలావాటికి ఉండే ఆ గాజు మీద కొట్టినట్టుండే టింగు టింగులు మీకూ నాకూ ముద్దుగానే ఉంటాయి, ఆయన చెవికి చేరవు. అమెరికాలో పొగ అలారాల విషయంలో ఇదే తేలింది. మామూలు అలారం 3,000 హెర్ట్జ్ పైన కీచుమంటుంది. వినికిడి తగ్గినవాళ్లు దానికి నిద్ర లేవట్లేదని పరిశోధనల్లో తేలాక, అలాంటివాళ్లు పడుకునే గదుల్లో 520 హెర్ట్జ్ అలారం ఉండాలని అక్కడి అగ్నిమాపక నిబంధనల్లో చేర్చారు. అదీ ఒట్టి 520 కాదు, దానిపైన 1,560, 2,600 ఇలా మెట్లు మెట్లుగా పై స్వరాలు కూడా కలిసి ఉండే మొరటు శబ్దం.

కాబట్టి మీకు కావలసింది మధ్యస్థంగా, సుమారు 500 నుంచి 2,500 హెర్ట్జ్ మధ్య బలంగా ఉండే శబ్దం. స్పీకరు పలికించగలిగేదీ అదే, నాన్నగారికి చేరేదీ అదే. ఈ లెక్కన వేణువు పనికిరాదు, మరీ నున్నటి శబ్దం. వీణ మీటు సున్నితం, వంటింట్లో మిక్సీ తిరిగితే మునిగిపోతుంది. నాదస్వరం మాత్రం దివ్యంగా సరిపోతుంది. మైకులు లేని కాలంలో ఊరేగింపులో, ఆరుబయట, వీధి చివరిదాకా వినపడాలని పుట్టిన వాద్యం అది. పీకతో పలికే వాద్యం కనుక అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలు దండిగా పలుకుతాయి. అసలు స్వరంలో కొంత స్పీకరు మింగేసినా పై స్వరాలని బట్టి చెవి దాన్ని పోల్చుకుంటుంది. నాన్నగారి ఇష్టం మీకు ఇక్కడ బాగా కలిసొచ్చింది.

అయితే ఏ ముక్క తీసుకుంటారన్నది ముఖ్యం. షేక్ చిన మౌలానా గారి వంటి విద్వాంసుల రికార్డింగు దొరికింది కదా అని రాగాలాపన మొదటినుంచి కోయకండి. ఆలాపన ఎప్పుడూ నెమ్మదిగా, కిందిస్థాయిలో మొదలై పైకి వెళుతుంది. అది ఊపందుకునేలోగా ఫోన్ ఆగిపోతుంది. మన దగ్గర మొబైల్ రింగయ్యే సమయం 30 సెకన్లే. 2019 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలా ఖరారు చేసింది, ల్యాండ్‌లైన్‌కి 60. ఈ 30లో ఆయన వినాలి, కుర్చీలోంచి లేవాలి, కళ్లజోడు వెతుక్కోవాలి, ఫోన్ దగ్గరికి రావాలి. మొదటి రెండు సెకన్లలో చెవిన పడకపోతే ఆ కాల్ మీద ఆశ వదులుకోవచ్చు.

నన్నడిగితే గట్టిమేళం తీసుకోమంటాను. తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యి ఊపగానే అప్పటిదాకా నడుస్తున్న కీర్తన టక్కున ఆపి, నాదస్వరం, డోలు ఒక్కసారిగా పైకి లేస్తాయి చూడండి, అది. ఉపోద్ఘాతం ఉండదు, మొదటి దెబ్బే పూర్తి బలంతో పడుతుంది. పందిట్లో ఎవరి మాటల్లో వాళ్లున్నా అందరి తలలూ అటు తిప్పడానికే పెట్టిన వాయింపు కదా. డోలు కుడివైపు వేళ్ల తొడుగులతో వాయించే టకటకలు కూడా చిన్న స్పీకర్లో స్పష్టంగా వినపడతాయి. ఒక్కటే ఇబ్బంది, పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు ఫోన్ మోగిందో ముహూర్తం అయిందో ఆయనకి తెలియదు. ఆ పూటకి వైబ్రేషన్‌లో పెట్టుకోమనండి.

ఇది ఎక్కడ దొరుకుతుందంటారా, మీ పెళ్లి వీడియోలోనే ఉండాలి. కాకపోతే ఎడిట్ చేసిన సీడీలో వెతక్కండి. మా వీడియోవాళ్లకి ఒక అలవాటు ఉంది, సరిగ్గా మాంగల్యధారణ దగ్గరే అసలు సౌండ్ తీసేసి సినిమా పాట వేస్తాం. రా ఫుటేజ్ ఉంటే అందులో అసలు మేళం ఉంటుంది. ఒక్కోసారి ఆ రికార్డింగులో సౌండ్ ఎడమ చానల్లోనే ఉండి కుడిది ఖాళీగా ఉంటుంది, కెమెరాకి ఒకటే మైకు తగిలించడం వల్ల. అలా ఉంటే ఆడాసిటీలో స్టీరియో ట్రాక్‌ని రెండుగా విడదీసి ఖాళీది తీసెయ్యండి. రెండువైపులా ఉంటే కలిపి మోనో చెయ్యండి. రింగ్‌టోన్‌కి స్టీరియోతో పనిలేదు.

రికార్డు కంపెనీ విడుదల చేసిన కచేరీ ముక్కే కావాలంటే, మీ దగ్గరున్న సీడీ నుంచో కొన్న ఫైల్ నుంచో తీసుకోండి. సొంత వాడకానికి సముచితమైన మేరకు వాడుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. దాన్నే నెట్‌లో ఎక్కించి పదిమందికీ పంచడం వేరే సంగతి. పాటల యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్నవి ఆ యాప్‌లో తప్ప బయట తెరుచుకోవు, వాటిని కోయాలని చూసి టైం వృథా చేసుకోకండి.

ఇప్పుడు పాప గొంతు. దీన్ని మళ్లీ రికార్డు చెయ్యండి, వాట్సాప్‌లో మాత్రం వద్దు. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ తెరిచి, సెట్టింగ్స్‌లో నాణ్యత ఎక్కువ అన్నది ఎంచుకోండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ ఉన్న గది వద్దు, మనకి అలవాటైపోయి తెలియదు గానీ దాని హోరు మైకులో బాగా పడుతుంది. ఖాళీ హాల్లో గోడలు మారుమోగుతాయి, అందుకే పరుపు, దుప్పట్లు, బట్టలు ఉన్న పడగ్గది మేలు. ఫోన్ పాప నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పట్టుకోండి. ఎదురుగా పెడితే "ఫోను" అన్నప్పుడు ఊపిరి మైకుకి తగిలి బుస్సుమంటుంది.

పాపతో ఏం చెప్పించాలన్నది కూడా చూసుకోండి. "తాతయ్యగారూ, మీకు ఫోన్ వచ్చింది, త్వరగా ఎత్తండి" లాంటి పొడుగు వాక్యాలు ఇంట్లో వింటే ముచ్చటగా ఉంటాయి, రింగుగా పనిచెయ్యవు. దూరానికి వెళ్లేవి అచ్చులు, హల్లులు దారిలోనే రాలిపోతాయి. మీరనుకున్న "తాతయ్యా, ఫోనూ" చక్కటి ఎంపిక. చివర ఆ, ఊ రెండూ సాగదీయడానికి అనువుగా ఉన్నాయి. పాపని ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పమ్మా" అంటే బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చెబుతుంది. అలా కాకుండా తాతయ్య దొడ్లో మొక్కలకి నీళ్లు పోస్తున్నారు, ఇక్కణ్ణించి పిలువు అనండి. కేక వేసేటప్పుడు గొంతు దానంతటదే పైకి లేస్తుంది, అచ్చు సాగుతుంది, "తాతయ్యాఆఆ" అని వస్తుంది. మనకి కావలసింది ఆ కేక. రికార్డింగ్ మధ్యలో ఆపకుండా వరసగా నాలుగైదుసార్లు పిలిపించండి. మొదట్లో బిగుసుకుపోతారు, చివర్లో విసుగొచ్చేస్తుంది, మధ్యలో ఏదో ఒకటి సహజంగా పడుతుంది. మొదలుపెట్టే ముందు రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉండండి. ఆ ఖాళీ తర్వాత పనికొస్తుంది.

ఫైల్‌ని కంప్యూటర్‌కి కేబుల్‌తోనో, మెయిల్‌లోనో పంపుకోండి. వాట్సాప్‌లోనే పంపక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఉన్నదున్నట్టు వెళుతుంది.

ఆడాసిటీ ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఉంది. పాప రికార్డింగ్ తెరిచి, మొదట ఉన్న ఆ నిశ్శబ్దపు ముక్కని సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ తీసుకోమనండి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి అదే ఎఫెక్ట్ 6 నుంచి 10 డెసిబెల్ వరకు వాడండి, అంతకంటే వద్దు. ఎక్కువ లాగితే గొంతు చుట్టూ ఒక రకమైన గిలగిల మొదలవుతుంది. కాస్త హోరు ఉన్నా పర్వాలేదు, ఫోన్ స్పీకర్లో అది ఎవరికీ తెలియదు.

తర్వాత హై-పాస్ ఫిల్టర్, అంటే మనం పెట్టిన హద్దు కింద ఉన్న లోతు శబ్దాల్ని తీసేసేది. ఇది అందరూ వదిలేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మేళం ట్రాక్‌కి 300 హెర్ట్జ్ దగ్గర, పాప గొంతుకి 200 దగ్గర పెట్టండి. పెట్టగానే కంప్యూటర్ స్పీకర్లో మేళం పేలవంగా, ఎక్కడో రేడియోలో వస్తున్నట్టు వినిపిస్తుంది. కంగారు పడి వెనక్కి తీసుకోకండి. ఫోన్ ఎలాగూ పలికించలేని భాగమే పోయింది. ఇప్పుడు కంప్రెసర్ వేయండి. ఇది పెద్ద శబ్దాల్ని కాస్త అణిచి, మొత్తాన్ని ఒక మట్టానికి తెస్తుంది. 4:1 నిష్పత్తి సరిపోతుంది. ఆఖర్న నార్మలైజ్ చేసి, అంటే మొత్తం సౌండ్‌ని ఒకేలా పెంచి, మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. మీరు 300 శాతం పెట్టి సాధించాలనుకున్నది ఈ వరసలో చేస్తే గరగర లేకుండా వస్తుంది. మామూలుగా చేసిన ఫైలూ ఇదీ పక్కపక్కన ఫోన్‌లో ప్లే చేసి చూడండి, ఒకే వాల్యూమ్ గీతల దగ్గర ఇది ఎంత ముందుకొచ్చి వినపడుతుందో తెలుస్తుంది.

కూర్పు ఇలా చేస్తే బాగుంటుంది. మొదట రెండు సెకన్లు గట్టిమేళం. దాన్ని టక్కున ఆపి అర సెకను ఖాళీ. ఆ ఖాళీ తర్వాత "తాతయ్యా", మళ్లీ చిన్న ఖాళీ, "ఫోనూ". తర్వాత ఒక సెకను నిశ్శబ్దం. ఇదంతా ఏడు సెకన్ల లోపు వస్తుంది. దాన్నే కాపీ చేసి రెండోసారి అతికించండి, మొత్తం 14 సెకన్లు. తర్వాత ఫోనే మళ్లీ మొదటినుంచి తిప్పుకుంటుంది.

గొంతు వెనక మేళం నడవాలని మీకు అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది, సినిమా ట్రైలర్ల ప్రభావం. వద్దు. రెండూ ఒకేచోట పడితే ఒకదాన్నొకటి కప్పేస్తాయి, చెవి మందగించినవాళ్లకి రెండిటిని విడదీసి వినడం మరీ కష్టం. మేళం ముందు ఎందుకంటే, మనిషి మొదటి శబ్దానికి తల తిప్పుతాడు, రెండోది వింటాడు. పాప పిలుపు ముందు పెడితే "తా" పోయి "తయ్యా" వినపడుతుంది. ఖాళీలు ఎందుకంటే, ఆగకుండా వచ్చే శబ్దాన్ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఆగి మళ్లీ మొదలయ్యేదాన్ని మానలేదు. మన పాత ల్యాండ్‌లైన్ రింగు లయ గుర్తు తెచ్చుకోండి: 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు ఊరుకునేది. ఇంట్లో ఏ మూల ఉన్నా వినపడేది.

కోసిన చోట టిక్కుమనకుండా ఉండాలంటే, సెలెక్షన్ చేశాక జడ్ కీ నొక్కండి. అల సున్నా గీతని దాటే చోటికి కోత జరుగుతుంది. మొదట్లో ఫేడ్-ఇన్ మాత్రం ఇవ్వకండి. పాటకి అందం, రింగుకి శత్రువు.

ఎంపీ3గా 192 కేబీపీఎస్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. మీరు చేసేదానికి చివర ఎలాగూ నిశ్శబ్దం ఉంది గనక ఎంపీ3 బాగానే ఉంటుంది. ఇది చదివే వేరేవాళ్లెవరైనా తంబుర శ్రుతిలా ఎడతెగకుండా తిరిగే టోన్ చేసుకోవాలంటే ఎంపీ3 వద్దు. ఎంపీ3 చేసేటప్పుడు ఫైల్ మొదట్లో, చివర్లో చిటికెడు ఖాళీ చేరుతుంది, తిరిగిన ప్రతిసారీ చిన్న తొట్రుపాటు వినిపిస్తుంది. ఆండ్రాయిడ్‌కైతే ఓజీజీ ఫార్మాట్‌లో సేవ్ చేసి, మెటాడేటాలో ఆండ్రాయిడ్, అండర్‌స్కోర్, లూప్ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఒక ట్యాగ్ చేర్చి, దాని విలువ ట్రూ అని రాయండి. అతుకు తెలియకుండా తిరుగుతుంది.

ఇప్పుడు రెండ్రోజులకి పోతున్న సమస్య. ఫోన్ రింగ్‌టోన్‌ని తనలోకి కాపీ చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా అది ఫైల్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. మీరు వాట్సాప్ ఫోల్డర్లో ఉన్న ఫైల్‌నే రింగ్‌టోన్‌గా ఎంచుకుని ఉంటారు. స్టోరేజ్ నిండిందని క్లీనర్ యాప్ దాన్ని తుడిచేసినా, ఎవరైనా చాట్‌లో మీడియా డిలీట్ చేసినా ఫోన్‌కి ఆ ఫైల్ దొరకదు, కంపెనీ రింగుకి పోతుంది. మెమరీ కార్డులో పెట్టినా ఇదే భయం. ఫోన్ సొంత స్టోరేజ్‌లో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే ఇంగ్లిష్‌లో అదే పేరుతో సృష్టించండి. ఫైల్ అందులో పెట్టి, సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్లి అక్కణ్ణించి ఎంచుకోండి. రెండు సిమ్‌లుంటే రెంటికీ విడివిడిగా పెట్టాల్సి రావచ్చు. వాట్సాప్ కాల్స్‌కి వాట్సాప్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద మళ్లీ వేరే పెట్టాలి. మీ తమ్ముడు ఎలాగూ అమెరికా నుంచి అందులోనే చేస్తాడు గదా, అది మర్చిపోకండి.

శాంసంగ్ ఫోనైతే రింగ్‌టోన్ ఎంచుకునే చోట హైలైట్స్ ఓన్లీ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫోనే తన తెలివితో మధ్యలోంచి ఎక్కణ్ణించో మొదలుపెడుతుంది. ఆపెయ్యండి. కొన్ని ఫోన్లలో రింగు మెల్లగా మొదలై పెరిగేలా కూడా ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్నీ ఆపండి.

ఒక సలహా. పాప గొంతున్న టోన్ అందరి కాల్స్‌కీ వద్దు. కాంటాక్ట్స్‌లో మీ పేరు, మీ తమ్ముడి పేరు తెరిచి మూడు చుక్కల మెనూలో సెట్ రింగ్‌టోన్ నొక్కి వాళ్లకి అది పెట్టండి. మిగతావాళ్లకి ఒట్టి మేళం. లోన్ల వాళ్లూ, పోలీసులమంటూ బెదిరించే మోసగాళ్లూ పెద్దవాళ్లకే ఎక్కువ చేస్తున్న రోజులివి, పాప పిలిస్తే ఇంటివాళ్లు, లేకపోతే బయటివాళ్లు అని ఆయనకి ఫోన్ చూడకుండానే తెలుస్తుంది. నంబర్లు సిమ్‌లో సేవ్ అయి ఉంటే ఈ ఆప్షన్ రాదు, ముందు ఫోన్‌లోకో గూగుల్ ఖాతాలోకో మార్చండి.

ఐఫోన్‌కి ఒకప్పుడు ఇది పెద్ద ప్రహసనం. ఇప్పుడు మీ తమ్ముడి ఫోన్‌లో ఐఓఎస్ 26 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే, మీరు పంపిన ఎంపీ3ని ఫైల్స్ యాప్‌లో దాచుకుని, షేర్ నొక్కి, యూజ్ యాజ్ రింగ్‌టోన్ అంటే అయిపోతుంది. 30 సెకన్ల లోపు ఉండాలి, మనది 14. పాత ఐఓఎస్ అయితే ఆపిల్‌దే గ్యారేజ్‌బ్యాండ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏదో ఒక వాయిద్యం తెరిచి, ట్రాక్స్ వ్యూకి వెళ్లి, లూప్ గుర్తు నొక్కి, ఫైల్స్‌లోంచి మన టోన్‌ని లాగి మొదట్లో పెట్టాలి. సేవ్ చేశాక దాన్ని నొక్కి పట్టుకుంటే షేర్, అందులో రింగ్‌టోన్ అని వస్తుంది. ముందుగా ఇచ్చే నిడివి 8 బార్లు, అంటే మామూలు వేగంలో 16 సెకన్లు. అంతకంటే పొడుగు టోన్లు అక్కడే తెగిపోతాయి, చాలామంది అది తెలియక తల పట్టుకుంటారు. మీకు ఆ బాధ లేదు.

ఇది కాలర్ ట్యూన్‌గా పెట్టొచ్చా అని తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. కుదరదు. మనకి ఫోన్ చేసినవాళ్లకి వినపడే ఆ పాట నెట్‌వర్క్ కంపెనీ దగ్గర ఉంటుంది, మన ఫోన్‌లో కాదు. వాళ్ల జాబితాలో ఉన్నవే పెట్టుకోగలం.

కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లోనే చేసుకోవచ్చు. మీరడిగిన యాప్ సంగతి ఇదే: పేరు ఏదైనా సరే, అల బొమ్మ చూపించి కోయనిచ్చేది, ఈక్వలైజర్ ఉన్నది చూసుకోండి. హై-పాస్ లేకపోతే ఈక్వలైజర్‌లో 250 కింద గీతలన్నీ పూర్తిగా దించెయ్యండి. ఫైల్‌ని ఫోల్డర్లో మనమే పెట్టుకుంటున్నాం కాబట్టి ఆడియో చదివే అనుమతి తప్ప యాప్‌కి ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. లొకేషన్, కాల్ రికార్డులు అడిగే రింగ్‌టోన్ యాప్ అయితే వెంటనే తీసెయ్యండి.

పెట్టేశాక ఫోన్‌ని చేతిలో పట్టుకుని పరీక్షించకండి. ఆయన రోజూ ఎక్కడ పెడతారో అక్కడే పెట్టి, మీరు బయటికెళ్లి కాల్ చెయ్యండి. పెద్దవాళ్లకి ఫోన్‌ని తోలు పౌచ్‌లో దూర్చి పెట్టే అలవాటుంటుంది. స్పీకరు ఫోన్ అడుగున ఉంటుంది, పౌచ్ అడుగున మూసుకుపోయి ఉంటుంది, ఇంక మనం చేసిందంతా తోలుకే వినపడుతుంది. ఫోన్‌ని తలకిందులుగా పెట్టడం అలవాటు చేయించండి, లేదా అడుగున చిల్లు ఉన్న పౌచ్ కొనండి. స్పీకరు జాలీలో దూది, దుమ్ము పేరుకుంటే మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే దులపండి, పిన్నులు పెట్టి గుచ్చొద్దు. ఇంతా చేసినా వినపడని రోజుకి వెలుగు తోడు పెట్టండి. ఆండ్రాయిడ్ 14 నుంచి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఫ్లాష్ నోటిఫికేషన్స్ ఉంది, ఫోన్ వస్తే కెమెరా లైటు మిణుకుమంటుంది. ఐఫోన్‌లోనూ యాక్సెసిబిలిటీలో ఎల్ఈడీ ఫ్లాష్ అని ఉంటుంది. మేళం రికార్డింగ్ దొరక్కపోయినా, ఫిల్టర్ దగ్గర ఎక్కడైనా ఆగిపోయినా మీరు వాడుతున్న ఆడాసిటీ వెర్షనూ, నాన్నగారి ఫోన్ మోడలూ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.